సింహళ యాత్ర: ధమ్మం నడిచిన దారి

శ్రీలంకకు వెళ్ళి రావాలంటే ఏమేమి కావాలని మన ఉపాసకులు, ఉపాసికలు తరచుగా అడుగుతుంటారు. పాస్‌పోర్టు, ప్రయాణ అనుమతి, వారం పది రోజుల సెలవు, రెండు జతల తెల్లబట్టలు అని బదులు చెప్పవచ్చు. అది తప్పు జవాబు కాదు. కాని అంతటితో ఆగితే, వెళ్ళినవారు ఎత్తయిన స్తూపాలను చూసి, నమస్కరించి, ఫోటోలు తీసుకొని తిరిగివస్తారు. ఆ దీవికి ధమ్మం ఎలా చేరింది, ఎన్నిసార్లు అక్కడ ఆరిపోబోయింది, ఎవరు మళ్ళీ వెలిగించారు అన్న సంగతి తెలియకుండానే వస్తారు. అందుకే యాత్రికుడికి కావలసిన వివరాలను, ఆ దారి వెనుక ఉన్న చరిత్రను కలిపి ఈ వ్యాసంలో చెప్పదలచాం.

ముందుగా ఒక మాట. మనలో చాలామందిమి, లేదా మన తల్లిదండ్రులు, కులం బరువు దించుకోవడానికి ధమ్మంలోకి వచ్చినవారం. బౌద్ధ దేశం అనగానే అక్కడ కులం ఉండదని మన మనసు నమ్మేస్తుంది. ఆ నమ్మకంతో వెళ్ళినవారు అక్కడ నొచ్చుకొనే సందర్భాలు ఉన్నాయి. ముందే తెలుసుకొని వెళితే ఆ బాధ తగ్గడమే కాదు, ఆ దీవి మనకు మరింత దగ్గరవుతుంది.

ప్రయాణ సన్నాహం

క్రీ.శ. 5వ శతాబ్దం తొలినాళ్ళలో చైనా యాత్రికుడు ఫాహియాన్ తామ్రలిప్తిలో వర్తకుల ఓడ ఎక్కి, పద్నాలుగు రోజులకు సింహళం చేరాడు. నేడు చెన్నై నుంచి కొలంబోకు విమానంలో గంటన్నర. గడియారాన్ని కూడా మార్చుకోనక్కరలేదు. ఇరు దేశాల సమయం ఒకటే. పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. ఇ.టి.ఏ. అనే ప్రయాణ అనుమతిని బయలుదేరే ముందే ఆన్‌లైన్‌లో పొందాలి. దీని రుసుములు, మినహాయింపులు తరచుగా మారుతుంటాయి కనుక శ్రీలంక ప్రభుత్వ అధికారిక వెబ్‌సైటులోనే చూసుకోవాలి. అదే పేరుతో కనిపించే మధ్యవర్తుల సైట్లలో డబ్బు కట్టి మోసపోవద్దు. పురావస్తు స్థలాలలో విదేశీయులకు ప్రవేశ రుసుము ఎక్కువే, కాని పలుచోట్ల సార్క్ దేశాలవారికి రాయితీ ఉంది. అది పొందాలంటే పాస్‌పోర్టు వెంట ఉండాలి.

కాలం విషయానికి వస్తే, మే నుంచి సెప్టెంబరు వరకు వచ్చే నైరుతి వానలు కొలంబో, గాల్ వైపు తడుపుతాయి. అనురాధపురం పొడిగా ఉంటుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో దాదాపు అంతటా వానలే. జనవరి నుంచి మార్చి వరకు దక్షిణ, పశ్చిమ తీరాలకు అనువైన కాలం. ప్రతి పౌర్ణమి అక్కడ ‘పోయ’ దినం, ప్రభుత్వ సెలవు. ఆ రోజు మద్యం అమ్మరు, మాంసం దుకాణాలు మూసివేస్తారు, విహారాలు తెల్లబట్టల జనంతో నిండిపోతాయి. వైశాఖ, పోసొన్ పౌర్ణములకు వెళ్ళేవారు బసను ఎంతో ముందుగా చూసుకోవాలి. ఆ రోజుల్లో దారి పొడవునా ‘దన్సల్’ అనే ఉచిత అన్నదాన పందిళ్ళు వెలుస్తాయి. దానం అంటే ఏమిటో వాటి ముందు నిలబడితే తెలుస్తుంది.

విహారాలలో భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలు ధరించాలి. చెప్పులు, టోపీ బయటే విడవాలి. మధ్యాహ్నం రాతి పరపులు కాళ్ళు కాల్చేస్తాయి కనుక తెల్లవారుజామునో, సాయంత్రమో వెళ్ళడం మంచిది. బుద్ధుని విగ్రహానికి వీపు చూపుతూ ఫోటో దిగడం అక్కడ పెద్ద అపచారం. ఈ విషయం పిల్లలకు ముందే చెప్పాలి. భోజనం మనకు కొత్త కాదు: అన్నం, పప్పు, కొబ్బరి కూరలు, ఇడియాప్పం. శాకాహారులు మాత్రం కొబ్బరి పచ్చడిలో ఎండుచేప పొడి కలిపారేమో అడిగి తెలుసుకోవాలి. ‘ఆయుబోవన్’ అని చేతులు జోడిస్తే పలకరింపు, ‘స్తుతి’ అంటే కృతజ్ఞత.

మిహింతలె, అనురాధపురం

విమానాశ్రయం ఉన్నది కొలంబోకు ఉత్తరాన కటునాయకలో. అక్కడి నుంచి నేరుగా అనురాధపురానికి సాగి, తిరుగు ప్రయాణంలో దక్షిణానికి దిగితే చరిత్ర వరుసలోనే యాత్ర కూడా సాగుతుంది. కొలంబో ఫోర్ట్ స్టేషన్ నుంచి అనురాధపురానికి రైలు ఉంది. దూరం సుమారు 200 కిలోమీటర్లు.

అనురాధపురానికి తూర్పున 13 కిలోమీటర్ల దూరంలో మిహింతలె కొండ. పైకి 1,840 మెట్లు. క్రీ.పూ. 3వ శతాబ్దంలో అశోకుని కుమారుడు మహింద థేరుడు, వేటకు వచ్చిన దేవానంపియ తిస్స రాజును కలిసిన చోటు ఇది. మహావంసం ఆ కలయికను ఆసక్తిగా చెబుతుంది. థేరుడు మొదట ధమ్మం చెప్పలేదు, రాజు బుద్ధిని పరీక్షించాడు. ఈ చెట్టు పేరేమిటి? మామిడి. ఇది కాక వేరే మామిడి చెట్లున్నాయా? ఉన్నాయి. మామిడి కాని చెట్లున్నాయా? ఉన్నాయి. ఆ మామిడి చెట్లనూ, మామిడి కాని చెట్లనూ తీసివేస్తే ఇంకేమైనా మిగులుతుందా? ఈ మామిడి చెట్టు మిగులుతుందన్నాడు రాజు. ఆలోచించగలవాడని తెలిసిన తరువాతే బోధ మొదలైంది. నమ్మకం కన్నా ముందు వివేకం నిలిచిన ఆ తొలి సంభాషణను మెట్ల మీద కూర్చొని పిల్లలకు చెప్పాలి.

అనురాధపురంలోని శ్రీ మహాబోధి, మహింద థేరుని సోదరి సంఘమిత్త థేరి బోధగయ నుంచి తెచ్చిన కొమ్మ నుంచి పెరిగిందని సంప్రదాయం. ఆమె రాకకు కారణమైనవి స్త్రీలే. అనులాదేవి, ఆమెతో ఉన్న స్త్రీలు తమకూ దీక్ష కావాలని కోరారు. స్త్రీలకు దీక్షనిచ్చే అధికారం తనకు లేదని, సంఘమిత్తను పిలిపించాలని మహిందుడు చెప్పాడు. ఆ విధంగా భిక్ఖుని సంఘం ఆ దీవిలో వేరూనింది.

రువన్‌వెలిసాయ, జేతవనం, అభయగిరి స్తూపాలను చూడటానికి ఒక పూర్తి రోజు కేటాయించాలి. అభయగిరిలో ఫాహియాన్ రెండేళ్ళు ఉండి వినయ గ్రంథాల ప్రతులు సేకరించాడు. ఒకనాడు బుద్ధ విగ్రహం ముందు ఎవరో వర్తకుడు సమర్పించిన చైనా పట్టు విసనకర్రను చూసి, సొంత దేశం గుర్తుకు వచ్చి కన్నీరు పెట్టుకున్నాడని ఆయన యాత్రా కథనమే చెబుతున్నది.

తెలుగు యాత్రికుడికి కూడా అక్కడ ఇల్లు గుర్తుకు రాక మానదు. మెట్ల ముందు పరచిన అర్ధచంద్రశిలలను చూసినప్పుడు మేము నాగార్జునకొండలో నిలుచున్నామా అనిపించింది. అది ఊహ కాదు. క్రీ.శ. 3వ శతాబ్దంలో, ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 14వ పాలనా సంవత్సరంలో, బోధిసిరి అనే ఉపాసిక నాగార్జునకొండలో ఒక శాసనం వేయించింది. చులధమ్మగిరి మీద తాను కట్టించిన చైత్యగృహాన్ని తామ్రపర్ణి థేరవాద ఆచార్యులకు ఆమె అంకితం చేసింది. సింహళ విహారంలో బోధివృక్ష మందిరాన్ని, కంటకసోల, అంటే నేటి ఘంటసాల మహాచైత్యం వద్ద రాతి మండపాన్ని నిర్మింపజేసింది. ఆ ఆచార్యులు కాశ్మీర, గాంధార, చైనా, వంగ, వనవాసి ప్రజలలో ధమ్మాన్ని నిలిపినవారని శాసనం కీర్తించింది. కృష్ణా తీరంలో సింహళ భిక్ఖువులకు నివాసముండగా, సింహళంలో మన భిక్ఖువుల పాండిత్యానికి గౌరవం ఉండేది. 5వ శతాబ్దంలో బుద్ధఘోషుడు అనురాధపురం మహావిహారంలో అట్ఠకథలను పాలిలోకి మార్చినప్పుడు ఉపయోగించిన పాత వ్యాఖ్యలలో ‘అంధక అట్ఠకథ’ ఒకటి. ఆ మూలం నశించింది. దాని పేరు సింహళంలో భద్రపరచిన గ్రంథాల వల్లనే మనకు తెలిసింది.

తెలుగు మాట్లాడే సంచారులు

అనురాధపురం జిల్లాలోనే తంబుత్తెగమ దగ్గర కుడాగమ అనే ఊరుంది. అక్కడ స్థిరపడిన అహికుంటిక జనం తరతరాలుగా తెలుగు మాట్లాడుతున్నారు. పాములాడించడం, సోది చెప్పడం వారి పాత వృత్తులు. వారిలో కొందరు బౌద్ధులు, కొందరు క్రైస్తవులు. సమాజంలో వారి స్థానం ఇప్పటికీ అంచునే. స్తూపాలను మాత్రమే చూసి మరలితే ఈ మనుషులు కంటపడరు. వారిని వింతగా చూడటానికి వెళ్ళవద్దు. కలిస్తే మన భాషలో గౌరవంగా పలకరించాలి, అనుమతి లేకుండా ఫోటో తీయరాదు.

దంబుల్ల, అలువిహారం

అనురాధపురం నుంచి దక్షిణంగా సుమారు 65 కిలోమీటర్ల దూరంలో దంబుల్ల. గుహలలోని చిత్రాలకు, విగ్రహాలకు ప్రసిద్ధి. అంతకన్నా మనకు ముఖ్యమైన సంగతి ఇటీవలిది. 11వ శతాబ్దంలో, చోళుల దండయాత్రల కాలంలో, సింహళ భిక్ఖుని సంఘం అంతరించింది. భిక్ఖు సంఘం కూడా ఎంత బలహీనపడిందంటే, విజయబాహు రాజు ఉపసంపద కోసం బర్మా నుంచి భిక్ఖువులను పిలిపించవలసి వచ్చింది. భిక్ఖునులకు మాత్రం ఆ అవకాశం రాలేదు. కాని అంతకు ఆరు వందల ఏళ్ళ ముందే, 5వ శతాబ్దంలో, సింహళ భిక్ఖునులు ఓడ ఎక్కి చైనా వెళ్ళి అక్కడి స్త్రీలకు ఉపసంపద ఇచ్చి ఉన్నారు. చైనాలో ఆ పరంపర నిలిచింది. 1996లో సారనాథ్‌లో కొరియా సంఘం సహాయంతో, 1998లో బోధగయలో చైనా పరంపర భిక్ఖునుల సమక్షంలో సింహళ స్త్రీలు మళ్ళీ భిక్ఖునులయ్యారు. అదే 1998లో దంబుల్లలో ఉపసంపద జరిగి, ఆ దీవిలో పరంపర పునఃప్రారంభమైంది. దీనిని అంగీకరించని పెద్దలు సంఘంలో ఇప్పటికీ ఉన్నారు. అయినా భిక్ఖునులు పెరుగుతూనే ఉన్నారు.

దంబుల్ల నుంచి క్యాండీ వెళ్ళే రోడ్డు మీదనే, మాతలె పట్టణానికి కొంచెం ముందు, అలువిహారం వస్తుంది. బండల నడుమ ఉన్న చిన్న గుహా విహారం. బస్సులు ఆగినా చాలామంది యాత్రికులు దిగరు. క్రీ.పూ. 1వ శతాబ్దంలో, వట్టగామణి అభయుని కాలంలో, యుద్ధాలకు, కరువుకు భిక్ఖువులు రాలిపోతుంటే, అంతవరకు నోటి పాఠంగా వచ్చిన తిపిటకాన్ని తాళపత్రాల మీద మొదటిసారి రాసిన చోటు ఇదేనని సంప్రదాయం. తాటాకు మీద గంటంతో రాసి, నల్లటి మసి పూసి అక్షరాలు తేల్చే పద్ధతిని అక్కడ నేటికీ చూపిస్తారు. చదువు నిషేధించబడిన పూర్వీకుల బిడ్డలం మనం. ఆ తాటాకు మీద మన పేరు రాసి చేతికిచ్చినప్పుడు, అది వట్టి జ్ఞాపిక అనిపించలేదు.

క్యాండీ: తెరచిన తలుపు, మూసిన తలుపు

మాతలె నుంచి క్యాండీకి సుమారు 25 కిలోమీటర్లు. సింహళులు ఆ నగరాన్ని మహనువర అంటారు. దంతధాతు మందిరంలో రోజుకు మూడు వేళల పూజ జరుగుతుంది. ఆ వేళలకు వెళితే మందసం ఉన్న గది తలుపు తెరచి ఉంటుంది. తనిఖీ కట్టుదిట్టంగా ఉంటుంది కనుక సామాను బసలో ఉంచి వెళ్ళాలి.

18వ శతాబ్దం నాటికి దీవిలో ఉపసంపద పొందిన భిక్ఖువులే లేకుండాపోయారు. అప్పుడు శరణంకర అనే సామణేరుడు పట్టు విడవక ప్రయత్నించాడు. రాజు కీర్తిశ్రీ రాజసింహుడు సహకరించాడు. ఈ రాజు తెలుగు మూలాలున్న నాయక్కర్ వంశంవాడు. రాయబారులు సయాం వెళ్ళి, ఉపాలి థేరుని, ఆయన వెంట భిక్ఖువులను తీసుకువచ్చారు. 1753లో క్యాండీలోని మల్వత్త విహారంలో ఉపసంపద మళ్ళీ మొదలైంది. శతాబ్దాల కిందట సింహళమే సయాంకు థేరవాద పరంపరను అందించింది. ఇచ్చినదే తిరిగి వచ్చింది.

అయితే తెరచిన ఆ తలుపు త్వరలోనే చాలామందికి మూసుకుపోయింది. సయాం నికాయలో ఉపసంపదను వ్యవసాయం చేసే గొవిగమ అనే ఉన్నత కులానికే పరిమితం చేశారు. ఆ కట్టుబాటు ఇప్పటికీ పూర్తిగా తొలగలేదు. నది ఏదైనా సముద్రంలో కలిశాక దాని పేరు పోతుందని, అలాగే సంఘంలో చేరాక కులం పోతుందని తథాగతుడు చెప్పాడు. ఆయన దంతధాతువును పూజించే నగరంలోనే ఆ మాట మరుగునపడింది. ఈ నిజాన్ని మనం దాచుకోనక్కరలేదు. దీనివల్ల తగ్గేది ధమ్మం విలువ కాదు. రాజ్యం, భూమి, కులం ఒక్కటైతే ఏ సంఘమైనా ఏమవుతుందో దీనివల్ల తెలుస్తుంది.

1950 మే నెలాఖరులో బాబాసాహెబ్ అంబేడ్కర్ ఈ నగరానికే వచ్చారు. ప్రపంచ బౌద్ధ సౌభ్రాతృత్వ సంస్థ పుట్టిన సమావేశం అది. కొలంబోలో యువజన బౌద్ధ సంఘంలో ఆయన భారతదేశంలో బౌద్ధం ఉత్థాన పతనాల గురించి ప్రసంగించారు. బౌద్ధ దేశాన్ని ఆయన భక్తుడి కళ్ళతో మాత్రమే కాక పరిశీలకుడి కళ్ళతో చూశారు. మనమూ అలాగే చూడాలి.

బలపిటియ: నీటి మీది సీమ

క్యాండీ నుంచి రైలులో కొలంబో చేరి, అక్కడి నుంచి గాల్ వైపు వెళ్ళే తీరపు రైలు ఎక్కితే సుమారు 80 కిలోమీటర్ల దూరంలో బలపిటియ. సముద్రాన్ని ఆనుకొని సాగే ఆ ప్రయాణం హాయిగా ఉంటుంది. విదేశీయులు ఇక్కడికి మాదు గంగలో పడవ షికారుకు వస్తారు. అడవి మడ చెట్లు, లంకలు, వాటిలో దాల్చినచెక్క ఒలిచేవారు కనిపిస్తారు. పడవ ఎక్కేముందే ధర మాట్లాడుకోవాలి, లైఫ్ జాకెట్టు అడిగి తీసుకోవాలి.

దాల్చినచెక్క ఒలిచే పని తరతరాలుగా సలగమ కులానిది. క్యాండీలో తలుపు మూసుకున్నప్పుడు, ఆ కులంలో పుట్టిన అంబగహపిటియ ఞాణవిమల అనే సామణేరుడు 1799లో కొందరు సహచరులతో బర్మాకు బయలుదేరాడు. 1800లో నాటి రాజధాని అమరపురంలో ఉపసంపద పొందాడు. 1803లో బర్మా భిక్ఖువులతో తిరిగివచ్చి, మాదు గంగలో పడవలు కట్టిన తెప్ప మీద ఉపసంపద నిర్వహింపజేశాడు. నీటి మీద సీమను ఏర్పరచుకోవడానికి వినయం అనుమతిస్తుంది. నేల మీది సీమలు తమవి కానివారికి నీరు చోటిచ్చింది. అలా పుట్టిందే అమరపుర నికాయ. 1873లో పానదురలో క్రైస్తవ బోధకులతో జరిగిన ప్రసిద్ధ వాదంలో బౌద్ధుల పక్షాన నిలిచిన మిగెట్టువత్తె గుణానంద థేరుడు ఈ నికాయ వాడే. తరువాతి కాలంలో అమరపుర నికాయ కూడా కులాల వారీగా చీలింది. ఒక్కసారి దాటితే కులం పోదని ఇది కూడా ఒక హెచ్చరిక.

పడవలో ఆ నీటి నడుమకు వెళ్ళినప్పుడు ఇంజను ఆపమని కోరి, మేము త్రిసరణం చెప్పుకున్నాం. అక్కడ పెద్ద స్తూపం లేదు. కాని ఆ యాత్రలో మాకు ఇంతగా మన చోటనిపించిన స్థలం మరొకటి లేదు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్‌కు త్రిసరణ పంచశీలాలు ఇచ్చిన చంద్రమణి మహాథేరుడు కూడా బర్మాలో పుట్టినవారే. మూసిన తలుపుల ముందు నిలిచిన వారికి రెండుసార్లూ సముద్రం అవతలి చెయ్యే అందింది.

కొలంబో, మాలిగాకంద

తిరిగి కొలంబో. 1891లో అనగారిక ధర్మపాల మహాబోధి సభను స్థాపించింది ఈ నగరంలోనే. మాలిగాకందలో హిక్కడువె సుమంగళ నాయక థేరుడు 1873లో స్థాపించిన విద్యోదయ పిరివెణ ఆ కాలపు గొప్ప బౌద్ధ విద్యాలయం. 1898లో మద్రాసు నుంచి అయోతీదాస్ పండితర్, కల్నల్ ఆల్కాట్ వెంట కొలంబో వెళ్ళి సుమంగళ థేరుని వద్ద పంచశీల స్వీకరించారు. తిరిగివచ్చి మద్రాసు రాయపేటలో శాక్య బౌద్ధ సంఘాన్ని నెలకొల్పారు. నాగపూర్‌కు అర్ధశతాబ్దానికి పైగా ముందే అంటరానివారిగా ముద్రపడిన ప్రజలు ధమ్మం కోసం ఈ దారిన నడిచారన్న మాట.

చివరిగా చెప్పవలసిన సంగతి ఒకటి మిగిలింది. 1983 నుంచి 2009 వరకు ఆ దీవిలో అంతర్యుద్ధం సాగింది. 1983లో తమిళుల ఇళ్ళు తగలబడ్డాయి, వేలాదిమంది దేశం విడిచారు. 1985లో అనురాధపురంలో యాత్రికులను కాల్చి చంపారు. 1998లో దంతధాతు మందిరం ముందు బాంబు పేలింది. ఇరువైపులా తల్లులు ఏడ్చారు. అక్కడివారితో మాట్లాడేటప్పుడు ఒక పక్షం వహించి వాదించకుండా ముందు వినడం మేలు. కాషాయం ధరించిన కొందరే ద్వేషం పలికిన సందర్భాలున్నాయని ఎరిగి, మైత్రి అన్న మాటను మనమైనా తేలికగా వాడకూడదు.

ఎనిమిది రోజులుంటే ఈ యాత్ర తీరికగా పూర్తవుతుంది. తిరిగివచ్చేటప్పుడు బోధి ఆకో, చిన్న విగ్రహమో తెచ్చుకోవడం సహజం. వాటితో పాటు మన విహారంలో ఒక సాయంత్రం అందరినీ కూర్చోబెట్టి, చూసినదంతా, కులం సంగతితో సహా, దాచకుండా చెప్పాలి. ఇంతవరకు ఈ దారిన వెళ్ళినవారంతా తెచ్చినదాన్ని పంచినవారే. బోధిసిరి కట్టించిన సింహళ విహారపు బోధి మందిరం ఒకనాడు మన కృష్ణ ఒడ్డునే ఉండేది. మనం వెళ్ళేది పరాయి దేశానికి కాదు, పాత చుట్టరికానికి.